విలీనం: ఒక మాట, రెండు అనుభవాలు

యానాం వాసులకు విలీనం అనే మాట కొత్తది కాదు. 1954 జూన్ 13న ఆ ఊరు ఫ్రెంచి పాలన నుంచి విడివడింది. అదే సంవత్సరం నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహేలతో పాటు యానాం పాలన కూడా భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1962 ఆగస్టు 16న బదిలీ చట్టబద్ధమయింది. ఎనిమిదేళ్ళ ఈ ప్రక్రియనంతటినీ యానాం ఒక్క మాటలో విలీనం అంటుంది. అక్కడ అది పండగ మాట, జెండా ఎగరేసే మాట.

2022 జూలైలో అదే మాట గౌతమి గోదావరికి ఆవలా ఈవలా, యానాన్ని చుట్టి ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, ఫిర్యాదు మాట అయింది. బడుల విలీనం వద్దంటూ తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొని రోడ్డెక్కారు. కొన్నిచోట్ల బడి గేటుకు తాళాలు వేశారు. ఒకే మాట ఒక గట్టున ఆనందాన్నీ, మరో గట్టున ఆందోళననూ ఎందుకు సూచించిందో ఈ చిన్న వ్యాసంలో పరిశీలిస్తాము.

ముందుగా జరిగినదేమిటో చూద్దాం. 2020 జాతీయ విద్యావిధానం బడి చదువును అయిదు, మూడు, మూడు, నాలుగు సంవత్సరాల దశలుగా విభజించింది. అంగన్‌వాడీ వయసు నుంచి రెండో తరగతి వరకు పునాది దశ. మూడు నుంచి అయిదు వరకు సన్నాహక దశ. ఈ విభజనను ఆధారం చేసుకొని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించదలచింది. 2021–22లో 250 మీటర్ల లోపు ఉన్న బడులతో మొదలుపెట్టింది. 2022 జూన్ 10న వెలువడిన 117వ నంబరు జీవోతో ఈ దూరం కిలోమీటరుకు పెరిగింది. జూలై 5న బడులు తెరిచేసరికి ఎనిమిదేళ్ళ పిల్లవాడు తన వీధి బడిని వదిలి, పదో తరగతి పిల్లలుండే హైస్కూలుకు నడవవలసి వచ్చింది. పాత బడిలో ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలాయి.

ప్రభుత్వ వాదాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. ఒక్క ఉపాధ్యాయుడు అయిదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు. 2016–17 లెక్కల ప్రకారం దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయనీ, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం బడుల్లో 30 మంది పిల్లలైనా లేరనీ విద్యావిధాన పత్రమే చెప్పింది. హైస్కూలుకు వెళితే మూడో తరగతి నుంచే ఒక్కొక్క సబ్జెక్టుకు ఒక్కొక్క స్కూల్ అసిస్టెంటు పాఠం చెబుతాడన్నది ప్రభుత్వ వాదన. కాని అదే పత్రం ఇంకొక మాట కూడా చెప్పింది. బడులను కలపడం ఎంతో విచక్షణతో చేయవలసిన పని అనీ, పిల్లలకు బడి అందుబాటు తగ్గదని తేలినప్పుడే చేయాలనీ దాని సారాంశం. మొదటి మాట జీవోలోకి వచ్చినంత బలంగా రెండో మాట రాలేదు.

తల్లిదండ్రుల అభ్యంతరాలు రెండు రకాలు. మొదటిది దారి. కిలోమీటరు అన్నది పటం మీద ఒక గీత. పిల్లవాడి కాళ్ళకు అది కాలువ గట్టు, రైలు పట్టాలు, లారీలు పరుగెత్తే పెద్దరోడ్డు. పొద్దున్నే కూలికి వెళ్ళే తల్లి బిడ్డను దిగబెట్టి రాలేదు. రెండోది గది. వచ్చిచేరిన పిల్లలకు సరిపడా తరగతి గదులు చాలా హైస్కూళ్ళలో లేవు. వరండాలలో, చెట్ల కింద తరగతులు నడిచాయి. పిల్లలు తక్కువన్న కారణంతో ఒక బడిని ఖాళీ చేసి, పిల్లలు ఎక్కువైన చోట కిక్కిరిసేట్లు చేయడం ఏమి సంస్కరణ అని వారు అడిగారు. ఈ ప్రశ్నకు గదులు కడుతున్నామన్నదే జవాబు. గది కట్టేలోపు పిల్లవాడి మూడో తరగతి అయిపోతుంది.

చిన్న బడి మన ప్రాంతంలో నిన్న మొన్న పుట్టిన లోపం కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల చేత దేశీయ విద్య స్థితిగతులను లెక్కవేయించాడు. 1826 మార్చిలో ఆయన వాటిని క్రోడీకరించినప్పుడు రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. అంటే సగటున బడికి పదిహేను మంది. వీధి అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించిన పంతులు బడి అదే. ఆ బడిలో ఎవరికి చోటుండేదో, ఎవరికి ఉండేది కాదో మరచిపోకూడదు. ఆడపిల్లలు, దళితులు దాదాపుగా దాని బయటే ఉండిపోయారు. అందువల్ల దాన్ని స్వర్ణయుగమని మేము అనము. అయితే బడి ఇంటికి దగ్గరగా ఉండాలన్న భావన మాత్రం అప్పటి నుంచే ఉంది. రెండు శతాబ్దాల తరవాత ఆ దగ్గరితనాన్ని అన్ని కులాల పిల్లలకూ హక్కుగా ఇచ్చింది 2009 విద్యాహక్కు చట్టం. దాని కింద వచ్చిన నియమాలు ప్రాథమిక తరగతులకు ఒక కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నాయి. ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. ఇంతకన్న దూరం ఉండకూడదని పిల్లవాడి రక్షణ కోసం చట్టం గీసిన కిలోమీటరు, ఇంత దూరం వరకు తరలించవచ్చునని జీవోలో అనుమతిగా మారింది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1939–40లో లక్షా పదిహేడు వేలకు పైగా ఉన్న బడి జిల్లాలు 1990 నాటికి పదిహేను వేల చిల్లరకు తగ్గాయి. పల్లెల్లోని ఒంటిగది బడులు మూతపడి పిల్లలు బస్సులెక్కారు. అక్కడ కనీసం బస్సు ఉంది.

భాషాశాస్త్రం చదువుకున్నవారిగా మమ్మల్ని ఆకర్షించినది ఈ వివాదంలోని సర్వనామాలు. తెలుగులో ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు. వినేవాణ్ణి కలుపుకొంటే మనము, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషుకు, ఫ్రెంచికి ఈ భేదం లేదు. ప్రభుత్వం 2019 నవంబరులో మొదలుపెట్టిన బడుల బాగు కార్యక్రమం పేరు 'మన బడి నాడు–నేడు'. అది కలుపుకొనే మాట. 2022లో వీధిలో వినిపించినది 'మా బడి మాకు కావాలి'. అది వినేవాణ్ణి బయట నిలబెట్టే మాట. మూడేళ్ళలో 'మన' కాస్తా 'మా' అయింది. క్రియల్లోనూ ఇదే తేడా. ఉత్తర్వులలో తరగతులు 'విలీనం' అవుతాయి. కలిపినవాడెవడో ఆ వాక్యంలో కనిపించడు. ఊరివాళ్ళ నోట 'మా బడి ఎత్తేశారు'. ఎత్తినవారున్నారని క్రియే చెబుతుంది.

యానాం పిల్లలకు ఆ జీవో వర్తించలేదు. 2022లో వారి చేతుల్లో ఉన్నవి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలే. 2023–24లో పుదుచ్చేరి ప్రభుత్వ బడులు కేంద్రీయ పాఠ్యప్రణాళికకు మారేదాకా అదే సాగింది. యానాంలో ఒక బడి, వంతెనకు అవతల ఎదుర్లంకలో మరో బడి. ఒక బడికి ఉత్తర్వు అమరావతి నుంచి, మరో బడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి. దూరపు ఏలుబడి ఎప్పుడూ మేలని ఇందువల్ల అనలేము. 1956లో తెలుగువారంతా ఒక రాష్ట్రమైనా యానాం వేరుగా నిలిచిన కారణాన్ని మాత్రం ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. 1956 ఒప్పందంలోని రెండో అధికరణం ప్రకారం, ఈ స్థావరాల ప్రత్యేక పాలనా ప్రతిపత్తిలో రాజ్యాంగపరమైన మార్పు ఏది చేయాలన్నా ముందుగా ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. కలపాలంటే అడగాలి, అంతే.

బడి విషయంలో అడగడానికి మార్గం లేకపోలేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది స్త్రీలు కావాలనీ చెప్పింది. బడి అభివృద్ధి ప్రణాళిక వేయడం ఆ కమిటీ పని. బడిలోని మూడు తరగతులు పోవడం కన్న పెద్ద ప్రణాళిక ఏముంటుంది? ఆ కమిటీల ముందు విషయం పెట్టి, దారి చూసి, గదులు లెక్కపెట్టి, ఆ తరవాత ఉత్తర్వు ఇచ్చి ఉంటే కొన్ని ఊళ్ళు ఒప్పుకొనేవి, కొన్ని ఒప్పుకొనేవి కావు. ఆ తేడా తెలియడమే పాలనకు కావలసింది.

2024లో ప్రభుత్వం మారింది. 2025 మేలో 117వ జీవో స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. తరగతికి ఒక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలన్న ఆలోచన వాటిలో ఉంది. అది మంచి ఆలోచనే. కాని తరగతికొక పంతులు కావాలంటే పిల్లలు ఒకచోటికి చేరాలి. చేరాలంటే ఏదో ఒక వీధి బడి నుంచి రావాలి. అంటే 2022 నాటి ప్రశ్న తీరిపోలేదు, రూపం మార్చుకుంది. ఆ రోజు మూడో తరగతిలో ఉన్న పిల్లవాడు ఇప్పుడు హైస్కూలు వయసుకు వచ్చాడు. దారి అతనికి అలవాటయి ఉంటుంది. ఇప్పుడు మూడో తరగతికి వచ్చే అతని చెల్లెలి దారి గురించి మాత్రం, ఉత్తర్వు రాయకముందే వాళ్ళ అమ్మను అడగవలసి ఉంది.