కేపీసీ నిరోధక బ్యాక్టీరియా వ్యాప్తి

కేపీసీ అంటే క్లెబ్సియెల్లా న్యుమోనియే కార్బపెనమేజ్. వైద్యులు ఆఖరి అస్త్రంగా దాచుకునే కార్బపెనమ్ మందులను ఛేదించే ఎంజైమ్ ఇది. 1996లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక ఆసుపత్రి నమూనాలో దొరికింది. 2001లో లోకానికి వెల్లడైంది. దీని జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉండటంతో ఒక బ్యాక్టీరియా నుంచి మరో జాతికి కూడా దాటగలదు. న్యూయార్క్ ఆసుపత్రుల్లో పాతుకుపోయి, ఆపై ఇజ్రాయెల్, గ్రీస్, ఇటలీలకు పాకింది.

ఇది రోగితోపాటే ప్రయాణిస్తుంది. పేగుల్లో క్రిమి చేరినా చాలామందికి జ్వరం కూడా రాదు. అలాంటి మనిషిని ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మారుస్తారు. అక్కడ పక్క దుప్పటి సర్దిన చేయి కడుక్కోకుండా పక్క మంచం మీది రోగి మూత్రపు గొట్టాన్ని తాకితే చాలు.

అందుకే ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రి పోరాడితే ఫలితం ఉండదు. ఇజ్రాయెల్ అనుభవం ఇందుకు గట్టి సాక్ష్యం. 2007 మార్చి చివరికి అక్కడ 27 ఆసుపత్రుల్లో 1,275 మందికి ఇది సోకింది. అప్పుడు ఆరోగ్య శాఖ దేశమంతటికీ ఒకే ఆదేశం ఇచ్చింది: క్రిమి ఉన్నవారిని వేరుగా ఉంచాలి, వారికి ప్రత్యేకంగా నర్సులను కేటాయించాలి, ఏ రోజు లెక్క ఆ రోజే పంపాలి. నెలవారీ కొత్త కేసులు లక్ష రోగి-దినాలకు 55.5 నుంచి 2008 మే నాటికి 11.7కు తగ్గాయి. ఇందుకు కొత్త మందేదీ అవసరపడలేదు.