కాల్చేసిన కాగితం

షోస్టకోవిచ్ 1964లో తన పదో స్ట్రింగ్ క్వార్టెట్‌ని సాటి స్వరకర్త మొయిసెయ్ వైన్‌బెర్గ్‌కి అంకితం ఇచ్చాడు. వైన్‌బెర్గ్ అప్పటికే తొమ్మిది రాసి తనని దాటేశాడనీ, ఇప్పుడు తను అతన్ని అందుకుని దాటేశాననీ ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అమెరికాని అందుకుని దాటాలన్నది అప్పటి సోవియట్ నినాదం. దాన్ని క్వార్టెట్ల లెక్కకి వాడుకోవడంలోనే ఉంది తమాషా అంతా.

ఇద్దరి స్నేహానికి ఆ అంకితం మంచి గుర్తే. కానీ అంతకంటే పెద్ద గుర్తు ఇంకో కాగితం. అది ఇప్పుడు లేదు.

వైన్‌బెర్గ్ వార్సాలో పుట్టిన యూదుడు. 1939లో నాజీల నుంచి తప్పించుకుని సోవియట్ యూనియన్‌కి వచ్చాడు. అక్కడే ఉండిపోయిన అమ్మా నాన్నా చెల్లీ హత్యకి గురయ్యారు. 1943లో తాష్కెంట్ నుంచి పంపిన అతని మొదటి సింఫనీ చూసి, మాస్కోకి రప్పించింది షోస్టకోవిచే. మామగారు, ప్రసిద్ధ నటుడు మిఖోయెల్స్‌ని 1948లో స్టాలిన్ మనుషులు చంపేశారు. 1953 ఫిబ్రవరిలో వైన్‌బెర్గ్‌నీ పట్టుకుపోయారు.

తర్వాత వంతు తనదేనని భార్య నటాల్యాకి అర్థమైంది. మరి చిన్నపిల్ల విక్టోరియా? తల్లీ తండ్రీ జైల్లో ఉంటే పిల్ల అనాథాశ్రమానికే. అందుకని పాప బాధ్యత షోస్టకోవిచ్ దంపతులకి అప్పగిస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాశారు. అరెస్టయినవాడి పేరెత్తడానికే జనం జంకే రోజులవి. 1948లో పార్టీ దాడికి గురై ఉద్యోగాలు పోగొట్టుకున్న షోస్టకోవిచ్‌కి ఆ భయం కొత్త కాదు. అయినా మిత్రుడి తరఫున బేరియాకి ఉత్తరం కూడా రాశాడు.

మార్చి 5న స్టాలిన్ పోయాడు. ఏప్రిల్‌లో వైన్‌బెర్గ్ విడుదలయ్యాడు. ఇందులో ఉత్తరం కంటే ఆ చావుదే ఎక్కువ పాత్ర అనుకోవాలి. తర్వాత రెండు కుటుంబాలూ కలిసి భోంచేసిన రాత్రి షోస్టకోవిచ్ ఆ పవర్ ఆఫ్ అటార్నీని కాల్చేయించాడు. ఇది నటాల్యా చెప్పిన జ్ఞాపకం.

చరిత్రంటే మనకి భద్రంగా మిగిలిన కాగితాలే. ఈ కాగితం మాత్రం అవసరం తీరకుండా మిగిలుంటే, ఆ పాప వేరే ఇంట్లో పెరిగి ఉండేది. కాలిపోవడమే దాని అదృష్టం.