అటక మీది అడవి

మన్యం చరిత్ర అనగానే మనకు 1879 రంప పితూరీ, 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద జరిగిన దాడి గుర్తొస్తాయి. గుర్తుండాలి కూడా. కానీ మన ఇళ్ళలో పొయ్యి మీద, అటక మీద ఇంకో చరిత్ర ఉంది. పొగకు నల్లబడిన ఆ బుట్టల్లో ఏముండేదో ఈ కాలం పిల్లల్లో చాలామందికి తెలియదు.

అసలు ఎండబెట్టి దాచే అవసరం ఎందుకొచ్చింది? మన్యంలో జ్వరాలు ముసురుకునేది వానాకాలంలో. నేలవేము పూతకొచ్చి కోతకు సిద్ధమయ్యేది వానలు తగ్గాక. ఇప్పపువ్వు రాలేది ఎండాకాలం మొదట్లో, తిండి గింజలు అడుగంటేది ఆషాఢ శ్రావణాల్లో. గెడ్డలు పొంగితే పక్క ఊరికి కూడా దారి ఉండదు. అవసరం ఒక కాలంలో, వస్తువు ఇంకో కాలంలో. ఆ మధ్య దూరాన్ని దాటించింది మన అవ్వల చేతిపనే.

అందులో లెక్క ఉంది. ఇప్పపువ్వును తెల్లవారుజామున ఏరి, మంచి ఎండలో పలచగా పరుస్తారు. ఆకునూ, వాసన ఉన్న వేరునూ మాత్రం నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఆకు రంగు పోతుంది, సుగంధిపాల వేరు వాసన గాలిలో కలిసిపోతుంది. తిప్పతీగనూ, లావు దుంపలనూ పచ్చిగా ఉన్నప్పుడే ముక్కలు కోయాలి, ఎండాక కత్తి దిగదు. ఆకు పిడికిట్లో గలగలలాడాలి, కాడ పుటుక్కున విరగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉంది, వారం తిరక్కుండా బూజు పడుతుంది. ఆరిన సరుకును ఆనపకాయ బుర్రలోనో, వెదురు బుట్టలోనో పెట్టి పొయ్యి పైన ఉంచేవారు. రోజూ తగిలే వేడి వానాకాలపు చెమ్మను లాగేసేది, పొగకు పురుగు చేరేది కాదు. గ్యాసు పొయ్యి వచ్చాక ఆ ఏర్పాటు పోయింది. ఇప్పుడు మూత బిగుతుగా ఉండే గాజు సీసా వాడి, నెలకోసారి తీసి చూసుకోవాలి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, కొంచెం తడి మిగిలినా లోపలే చెమర్చి మొత్తం పాడుచేస్తుంది.

ఈ బుట్ట మీద చట్టం కన్ను పడిన కథ కూడా తెలుసుకోండి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ఆకు కోయడం, బెరడు ఒలవడం, ఫలసాయం ఏరడం నేరమైంది. దేశంలో చాలా చోట్ల అమలైన 1927 అటవీ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఇప్పపువ్వు, కరక్కాయ, బెరడు వంటివి అడవి నుంచి వచ్చినా రాకపోయినా అటవీ ఉత్పత్తులే అంది. అంటే మన పెరట్లో చెట్టు కింద రాలినదానికి కూడా జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి.

ఆ కరక్కాయే తోళ్ళు ఊనే పనికి ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది. సంతలో షావుకారు మాత్రం కాయ సరిగా ఎండలేదని తరుగు తీసేవాడు, ఉప్పుకూ బట్టకూ మారకం వేసేవాడు. ఆ దోపిడీని ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. 1979 రెగ్యులేషనుతో షెడ్యూల్డు ప్రాంతాల్లో చిల్లర అటవీ ఫలసాయం కొనే హక్కు దానికే దక్కింది. మంచి జరిగింది, కాదనను. అయితే సరుకు ఎంత ఎండిందో తేల్చేది ఇప్పటికీ కాటా అవతల కూర్చున్నవాళ్ళే.

పాతాళగరుడ వేరు సంగతి వేరు. దేశవాళీ వైద్యంలో ఎప్పటినుంచో ఉన్న ఆ మొక్క రక్తపోటును తగ్గిస్తుందని 1949లో ముంబయి వైద్యుడు రుస్తుం వకీల్ ఇంగ్లండు పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దాని వేరు నుంచి రిసర్పిన్‌ను విడదీశారు. ఆ తర్వాత ఎండు వేరుకు పుట్టిన గిరాకీతో అడవుల్లో దాన్ని కుదుళ్ళతో సహా తవ్వేశారు. వేరు తీస్తే మొక్క ఉండదు. అందుకే మన పెద్దలు గింజ రాలాకే తవ్వేవారు, కొంత వదిలేసేవారు.

2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయంగా సేకరించే చిల్లర అటవీ ఫలసాయం మీద యాజమాన్యమే మనది అంది. ఔషధ మొక్కలు, వేర్లు, దుంపలు, తేనె పేర్లతో సహా అందులో ఉన్నాయి. హక్కు చేతికొచ్చే సమయానికి ఏ ఆకు ఏదో చెప్పే అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మా హాస్టలు పిల్లలు సెలవులకు వెళ్ళేటప్పుడు నేను ఒక పని చెబుతాను. ఎండిన ప్రతి మూట మీద మన భాషలో పేరు, తెలుగు పేరు, తెచ్చిన చోటు, నెల రాయమంటాను. ఎండాక ఆకులన్నీ ఒకేలా కనిపిస్తాయి, పొరపాటున వేరేది కషాయంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. ఇంకో మాట, జ్వరం వస్తే ముందు రక్తపరీక్షే. మలేరియాకు మాత్రలే వేసుకోవాలి, నేలవేము వాటికి బదులు కాదు.

దసరాకు వెళ్ళినవాళ్ళు నేలవేమును పూతలో చూసి రండి. ఇంట్లో అటక ఇంకా ఉంటే, ఎక్కి బుట్టలు దింపి, ఒక్కొక్కటీ అవ్వ ముందు పెట్టి పేరు అడగండి.