రామప్ప గుడి: ఇటుక కాల్చినోళ్ల పేరేది?

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి మా అమ్మను వెంటబెట్టుకొని పోయిన. ఇటుక బట్టీల్లో పనిచేసిన మనిషి. నేను శాసనం దగ్గర ఆగితే, ఆమె శిఖరాన్నే చూస్తూ నిలబడ్డది.

1213 నాటి శాసనం ప్రకారం గుడి కట్టించింది కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. ఎర్రటి ఇసుకరాతి గోడలు, మండపంలో నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు, పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

"ఇసొంటి ఇటుక కాల్చాలంటే మట్టి ఎరుక ఉండాలె, మంట ఎరుక ఉండాలె బిడ్డా" అన్నది అమ్మ.

ఆ ఎరుక ఎవరిది? శాసనం కట్టించినోడి వంశాన్ని పొగిడింది. మట్టి తొక్కిన కాళ్లను మరిచింది. వాళ్లంతా దళితులేనని ఆధారం లేకుండా నేననను. కానీ ‘కట్టించాడు’ అనే ఒక్క మాటతో శ్రమను చెరిపేసే చరిత్రను ఒప్పుకోను. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసేదాకా ఎన్నో గుళ్ల గడపలు మనకు మూసే ఉన్నయి. చట్టం వచ్చినంక కూడా అన్నీ తెరుచుకోలేదు.

అందుకే పాఠం చెప్పే టీచర్లు ‘ఎవరు కట్టించారు’ దగ్గర ఆగొద్దు. ‘ఎవరు కట్టారు’ అని కూడా పిల్లలతో అడిగించాలె.