1937 బ్రస్సెల్స్ పోటీ: బహుమతి వెనుక బడి

సంగీతంలో పోటీ పెట్టడం చాలామంది విజ్ఞులకు రుచించదు. కుస్తీలో వెన్ను నేలకు తాకినవాడు ఓడినట్లే. ఇద్దరు ఫిడేలు విద్వాంసులలో ఓడినదెవరో తేల్చే నేల ఎక్కడున్నదని వారు అడుగుతారు. ఆ ఆక్షేపణను నేను కాదనను. కాని చరిత్ర దృష్టితో చూచినప్పుడు పోటీలకు మరొక ప్రయోజనం కనిపిస్తుంది. ఒక సమాజం తన బిడ్డల ప్రతిభను ఎట్లా పెంచుతున్నదో వాటి ఫలితాలు బయటపెడతాయి. 1937లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ ఫిడేలు పోటీ ఇందుకు మంచి తార్కాణం.

1931లో మరణించిన బెల్జియం విద్వాంసుడు యూజెన్ ఇజాయి పేర, ఆ దేశపు రాణి ఎలిజబెత్ ప్రాపకంలో ఆ పోటీ జరిగింది. మొదటి 6 స్థానాలలో 5 సోవియట్ యువతీయువకులకు దక్కాయి. ప్రథముడు డేవిడ్ ఓయిస్ట్రాఖ్. రెండవ స్థానం ఆస్ట్రియా పక్షాన వచ్చిన రికార్డో ఒద్నొపొసోఫ్‌ది. పిమ్మట వరుసగా ఎలిజవేతా గిలెల్స్, బోరిస్ గోల్డ్‌స్టీన్, మరీనా కొజొలుపోవా, మిఖాయిల్ ఫిఖ్తెన్‌గోల్ట్స్ నిలిచారు. గోల్డ్‌స్టీన్‌కు అప్పటికి 15 ఏళ్లు నిండలేదు.

కొజొలుపోవా తప్ప తక్కిన నలుగురు సోవియట్ విజేతలూ ఒడెస్సాలో ప్యోత్ర్ స్తొల్యార్‌స్కీ వద్ద శిష్యరికం చేసినవారే. ఒకే రేవుపట్టణం, ఒకే గురువు! దీనిని దైవఘటన అనుకొని ఊరుకుంటే ఇక చరిత్రతో పనిలేదు.

అట్లాగని అంతా విప్లవం చేసిన మేలే అనడమూ సరికాదు. 1908లో పుట్టిన ఓయిస్ట్రాఖ్ అయిదేళ్ల వయస్సులో స్తొల్యార్‌స్కీ వద్ద చేరేనాటికి ఇంకా జారు పాలనే నడుస్తున్నది. ఆ పాలనలో యూదులు తమ ఇష్టం వచ్చిన ఊరిలో కాపురముండటానికి వీలులేదు. బాలుడైన హైఫెట్స్ పీటర్స్‌బర్గ్ సంగీత విద్యాలయంలో చేరినప్పుడు, కొడుకుతోపాటు రాజధానిలో నివసించటానికి అనుమతి దొరకడం కోసం తండ్రి కూడా విద్యార్థిగా పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. అటువంటి కుటుంబాలకు ఫిడేలు ఇంటి అలంకారం కాదు. ముందుకు పోవటానికి దొరికిన ఇరుకు దారి.

మరి సోవియట్ ప్రభుత్వం చేసినదేమిటి? ఆ దారిని వెడల్పు చేసింది. 1919లో ఏర్పడిన ప్రభుత్వ వాద్య సేకరణ నుండి పాతకాలపు మేలిరకపు వాద్యాలను కళాకారులకు ఎరువిచ్చింది. 1933లో ఒడెస్సాలో ప్రతిభగల పిల్లలకోసం స్తొల్యార్‌స్కీ ప్రత్యేక పాఠశాల వెలిసింది. ఒక ఇంటి బరువు సమాజపు బాధ్యత అయింది.

ఇక రెండవ వైపు చూడండి. 1935లో వార్సాలో జరిగిన వీన్యావ్‌స్కీ పోటీలో ఓయిస్ట్రాఖ్‌ది రెండవ స్థానమే. ప్రథమ బహుమతి 15 ఏళ్ల ఫ్రెంచి బాలిక జినెట్ నెవూది. అంతకుముందు వియన్నా పోటీలో ఆమె వాద్యం విన్న కార్ల్ ఫ్లెష్ ఉచితంగా విద్య చెబుతానని ముందుకు వచ్చాడు. ఆమె ప్రతిభ ఎవరికీ తీసిపోదు. కాని దానికి ఆసరా ఒక మంచిమనిషి ఔదార్యం. ఏ ఫ్లెష్ చెవినా పడని పిల్లలు ఎందరో విజేతల పట్టిక చెప్పదు.

ప్రభుత్వ పోషణకు కూడా ఒక వెల ఉన్నది. బ్రస్సెల్స్ విజయాన్ని సోవియట్ ప్రభుత్వం తన ఘనతగా చాటుకున్న 1937లోనే ఆ దేశంలో లక్షలాదిమంది నిర్బంధానికి గురి అయ్యారు, ఎందరో కాల్చివేతకు బలి అయ్యారు. నాటి బాలవిజేత గోల్డ్‌స్టీన్ 1974లో ఆ దేశాన్నే విడిచి పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయాడు. బడి కట్టిన చేతినీ, జైలు తలుపు మూసిన చేతినీ కలిపి చూపలేని చరిత్ర రచన భజన అవుతుంది.

యుద్ధానంతరం 1951లో, రాణి ఎలిజబెత్ పేరుతో బ్రస్సెల్స్ పోటీ మళ్లీ మొదలైంది. ఆ ఏడాది ప్రథముడూ సోవియట్ యువకుడే, లియొనిద్ కొగన్. 1991లో సోవియట్ యూనియన్ అంతరించింది. బ్రస్సెల్స్ పోటీ మాత్రం నిలిచింది.

యువ వాద్యకారులను ప్రోత్సహిస్తున్నామని చెప్పే ప్రతి పోటీనీ నేను ఈ చరిత్రతోనే తూచి చూస్తాను. బహుమతి ఒక సాయంత్రం ఇచ్చేది. విద్యకు పదేళ్లు కావాలి. ఆ పదేళ్లూ పిల్లవాని చేతికి వాద్యం ఎవరు ఇస్తున్నారు? గురువు జీతం ఎవరు చెల్లిస్తున్నారు? అందుకు బదులుగా వాని నుండి ఏమి కోరుతున్నారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన పోటీనే ప్రతిభకు అండ అనాలి.