మజిలీ నీళ్లు

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు ఊరకనే అనలేదు. రైళ్లు లేని రోజుల్లో తెలుగునాటి నుంచి కాశీకి గాని, పూరీ జగన్నాథానికి గాని బయలుదేరినవారు నెలల తరబడి నడిచేవారు. దొంగలు, పులులు, వరద ఏళ్లు, ఈ భయాలన్నీ కథలుగా మిగిలినవి. నీటి భయం మాత్రం కథ కాలేదు. రోజుకొక ఊరి చెరువు, రోజుకొక వాగు. ఏ నీటిలో ఏమున్నదో త్రాగినవాడికే తెలియాలి.

నేను రైల్వేలో గుమాస్తాను గాని చరిత్ర పండితుణ్ణి కాను. అయినా ఈ సంగతి నన్ను పట్టుకోవటానికి ఒక కారణం వున్నది. దానిని ముందుకు పోయిన తరువాత మనవి చేస్తాను.

చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా వుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. తిరుగు ప్రయాణంలో వారు కలకత్తా నుంచి పూరీ మీదుగా, మన గంజాం సీమ మీదుగానే వచ్చినారు. ఆ పుస్తకంలో మజిలీ తరువాత మజిలీ వ్రాస్తూ, గుళ్లనూ గోపురాలనూ చెప్పినట్లే నీటి వసతిని కూడా చెప్పుకుపోతారు. ఇది చదివేవారికి విసుగుగా తోచవచ్చు. నడిచేవారికి అదే ప్రాణం.

ఆ కాలపు బాటసారి చెరువు నీరు మురికిగా వుంటే ఏమి చేసేవాడు? చిల్లగింజ తీసేవాడు. ఇండుపగింజ అన్నా అదే. దానిని కొత్తకుండ లోపలి గోడకు అరగదీసి నీరు పోస్తే, కొంతసేపటికి బురద ముద్దకట్టి అడుగుకు దిగి, పైన తేట మిగులుతుంది. సంస్కృతంలో దీనిని కతకమంటారు. కలుషమైన నీటిని తేర్చే వస్తువులుగా సుశ్రుత సంహిత చెప్పిన ఏడింటిలో ఇదొకటి, వస్త్రం మరొకటి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో బావినీరు చెడితే వేయవలసిన చూర్ణం చెప్పినాడు. అందులో తుంగముస్తె, వట్టివేళ్లు, ఉసిరికలతోపాటు ఈ చిల్లగింజ కూడా వున్నది.

ఏటిగట్టున దిగితే ఉపాయం వేరు. పారే నీటిని ముంచరు. నీటికి నాలుగు బారల దూరంలో ఇసుక తోడి చెలమ తీస్తారు. మొదట ఊరిన మడ్డినీటిని ఒకటి రెండుసార్లు తోడి పారబోసి, తరువాత ఊరినది చిప్పతో ముంచి, పాత చీరచెంగును మడతలు వేసి వడపోస్తారు. ఋషికుల్య ఇసుకలో మా అమ్మమ్మ చెలమ తీయటం నేను కళ్లారా చూచినాను. చేతికి చల్లగా తగిలే ఆ నీటి రుచి కుళాయికి రాదు. ఇసుక గుండా వచ్చే నీరు మురికినీ, క్రిములలో చాలా భాగాన్నీ వదిలి వస్తుందని నేటి ఇంజనీర్లు కూడా ఒప్పుకుంటారు. కొన్ని దేశాలలో నగరాలకే ఏటిగట్టు బావుల నుంచి ఇట్లా నీరు తెస్తున్నారు.

ఇంతవరకు మన పెద్దల తెలివి గొప్పదే. కాని వారు వెదికినది తేటను. తేటనీరు మంచినీరనే నమ్మకం ఒక్క మనదే కాదు, లోకమంతటిదీ. 1854లో లండనులో బ్రాడ్ స్ట్రీటు పంపునీరు రుచిగా వుంటుందని, వేరే పేటలో కాపురమున్న ఒక వృద్ధురాలు రోజూ సీసాతో తెప్పించుకొని త్రాగేది. ఆమె కలరాతో పోయినది. ఆ పేటలో ఆ వ్యాధి మరొకరికి లేదు. జాన్ స్నో అనే వైద్యుడు తప్పు ఆ పంపుదేనని చూపటానికి ఇటువంటి సాక్ష్యాలే ఉపయోగపడినవి. 1884లో కోక్ కలకత్తాలో ఒక చెరువునీటిలోనే కలరా క్రిమిని పట్టుకున్నాడు. తరువాత ఆగ్రాలో హాంకిన్ బావులలో పర్మాంగనేటు వేయించే పద్ధతి తెచ్చినాడు.

ఈ లోగా రైలు వచ్చినది. విజయవాడ - కటకం దారి 1893, 1896 మధ్య వేసినారు. 1897లో పూరీకి శాఖ పడినది. నెలల నడక ఒకటి రెండు రోజుల ప్రయాణమయినది. దానితో చిల్లగింజ మూటలో నుంచి జారిపోయినది.

ఇక నా కారణం. కొన్నేళ్ల క్రిందట కార్తీకంలో మేము నాలుగు కుటుంబాలవారము మహేంద్రగిరి దిగువన ఒక సెలయేటి గట్టున రెండు రాత్రులు డేరాలు వేసుకున్నాము. కరెంటు లేదు, కుళాయి లేదు. నీరు అద్దంలాగా వున్నది. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చును. "కొండనీరు, దీనికి మించినది లేదు" అని అందరికీ నేనే ముంచి ఇచ్చినాను. మూడవనాడు మా చిన్నవాడు వాంతులతో, విరేచనాలతో వేలాడిపోయినాడు. బండి దొరికి ఆసుపత్రి చేరేసరికి వాడి కళ్లు లోతుకు పోయినవి. సెలైను ఎక్కించి బ్రతికించినారు. తరువాత విచారిస్తే, మేము ముంచిన చోటికి కొద్ది దూరంలో ఎగువనే పశువుల మంద దిగే రేవు వున్నదట. పైకి నడిచి చూడవలెనని నాకు తోచలేదు.

అప్పటినుంచి ఈ విషయం దొరికినంత చదువుతున్నాను. బంగ్లాదేశ్ పల్లెలలో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడపోయించి చూస్తే కలరా 48 శాతం తగ్గినదని 2003లో ప్రకటించినారు. క్రిములు అంటిపెట్టుకునే సన్నని నీటిపురుగులు ఆ మడతలలో చిక్కుతాయట. అమ్మమ్మ చెంగుకు అంత శక్తి వున్నది, కాని సగమే. 2012లో బెంగుళూరువారు రాగిపాత్రలో 16 గంటలు నిలువ వుంచితే విరేచనాల క్రిములు చచ్చినవని చూపినారు. డేరాలో 16 గంటలు ఆగే దాహమెవరిది? క్లోరిను బిళ్లలు మంచివే గాని మురికినీటిలో సరిగా పనిచేయవు, ముందు తేర్చి వడకట్టాలి. నీరు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే జబ్బు చేసే క్రిములు చస్తాయి. 2000 మీటర్లకు పైబడిన ఎత్తులోనైతే మూడు నిమిషాలు కావాలి. మన మహేంద్రగిరి 1501 మీటర్లే. పొలాల మందులు కలిసిన నీరు మాత్రం ఎంత కాచినా బాగుపడదు, అటువంటిచోట దిగకపోవటమే మేలు.

క్రిందటి కార్తీకంలో ఋషికుల్య గట్టున మళ్లీ దిగినాము. చెలమ నేనే తీసినాను. చీరచెంగు మా ఆవిడది. మూడు రాళ్లమీద గుండిగ పెట్టి కాచినాము. "కాచిన నీరు చప్పగా వుంటుందిరా, దాహం తీరదు" అని మా పెద్దత్తయ్య సణిగినది. చల్లారినాక రెండు చెంబులు తీసుకొని, కాఫీ తిరగబోసినట్లు నాలుగుసార్లు ఎత్తి పోసి ఇచ్చినాను. త్రాగి, ఇంకొక చెంబు అడిగినది.