మూడవ కాలు

హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులతో 1951లో వెలసిన మ్యూజియములో చేతికర్రలు కూడ కలవు. వాటి పనితనమును చూచి మెచ్చుకొనువారే గాని, వాటిపై ఎవరైన బరువు మోపి నడిచినారా అని అడుగువారు తక్కువ. ఈజిప్టులో 1922లో బయటపడిన టుటంఖమెన్ సమాధిలో నూటికి పైగా కర్రలు దొరికినవి. ఆ బాలరాజు పాదమునకు జబ్బు ఉండెనని 2010లో కొందరు పరిశోధకులు తేల్చినారు, ఒప్పుకొననివారును కలరు. ఏమైనను, చాలకాలము కర్ర హోదాకు గుర్తుగానే చెలామణి అయినది.

కర్ర పట్టుట ఎంత పాతదో, ఏ చేత పట్టవలెనను శాస్త్రము అంత కొత్తది. కుడి తుంటి నొప్పి పుట్టినచో కుడిచేతనే కర్ర పట్టుట లోకవాడుక. ఇది పొరపాటు. ఎందుకో తెలియుటకు త్రాసును తలచుకొనిన చాలును. అడుగు వేయునపుడు శరీరము క్షణకాలము ఒంటికాలిపై నిలుచును. అప్పుడు తుంటికీలు త్రాసు ములుకు వంటిది. దానికి లోపలివైపున శరీరపు బరువు, వెలుపలివైపున తుంటికండరము. బరువు కీలుకు దూరముగను, కండరము దగ్గరగను ఉండుటచే, శరీరము ఒరిగిపోకుండ కండరము ఆ బరువుకంటె చాల ఎక్కువ బలముతో లాగవలసి వచ్చును. ఈ రెండు బలములు కలిసి కీలుపైననే పడును. అందువలన 60 కిలోల ముసలామె అరిగిన కీలు ప్రతి అడుగునను రెండున్నర నుండి మూడు రెట్లు, అనగా 150 నుండి 180 కిలోల భారము మోయుచుండును. కర్రను ఎడమచేత పట్టినచో అది కుడి తుంటికి చాల దూరమున ఉండును. మీటకు పొడవు ఎక్కువ. కొద్దిగా అదిమినను కండరపు పని ఎంతో తగ్గును. జర్మనీలో పౌవెల్స్ 1935లో ఈ లెక్క కట్టినాడు. అమెరికా ఎముకల వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లో, కర్రను పారవేయవద్దను అర్థము గల శీర్షికతోనే వ్యాసము వ్రాసి, నామోషీకి పోయి కుంటుచు నడచువారిని హెచ్చరించినాడు.

పొడవు సంగతియు అంతే. చెప్పులు తొడిగి, చేతులు వేలాడదీసి నిలిచినపుడు మణికట్టు మడత ఎంత ఎత్తున ఉండునో పిడి అంత ఎత్తున ఉండవలెను; అప్పుడు మోచేయి కొంచెము వంగును. తాతగారి కర్ర అమ్మమ్మగారికి పనికిరాదు.

రెండు కాళ్లును బలహీనమై తూలువారికి ఒక్క కర్ర చాలదు. నాలుగు కాళ్ల చట్రము కావలెను. చక్రాల చట్రమును 1978లో స్వీడనులో రూపొందించిన ఐనా విఫాల్క్ స్వయముగ పోలియో బాధితురాలు. అయితే ముందుకు వాలి భారమంతయు మోపువారికి చక్రములు ప్రమాదము. చట్రము ముందుకు పరుగెత్తును, మనిషి వెనుకబడును.

ఈ విద్యలో హైదరాబాదుకు ఒక ప్రత్యేకత కలదు. 1989 మే 22న అగ్ని క్షిపణిని తొలిసారి ప్రయోగించినారు. దానికై ఇక్కడి రక్షణ పరిశోధనశాలలో తేలికైన మిశ్రమ పదార్థములు తయారైనవి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఎముకల వైద్యుడొకడు వాటిని చేత బట్టి, తేలికకు అబ్బురపడి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసికొనిపోయినాడట. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లతో కాళ్లీడ్చుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల కాలిపరు సిద్ధమైనదని కలాం పలుమార్లు చెప్పినాడు. తల్లిదండ్రులు కంటనీరు పెట్టినారని కూడ చెప్పినాడు. దీని కిటుకు న్యూటను మూడవ సూత్రమే: పాదము నేలను నొక్కగా నేల తిరిగి నెట్టును, ఆ బలమును కాలిపరు మోకాలి క్రింది ఎముక ముందుభాగమునకు చేర్చి, మోకాలు ముందుకు మడతపడకుండ ఆపును.

ముసలివారి వంతు ఆలస్యముగ వచ్చినది. పేద వృద్ధులకు ఉచితముగ చేతికర్రలు, చట్రములు, చక్రాల కుర్చీలు ఇచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ప్రారంభమైనది.

మాధాపురమున 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట హైటెక్ సిటీ చుట్టును అంతస్తుల మేడలు లేచినవి. బిడ్డలతో ఉండుటకు పల్లెల నుండి వచ్చిన తల్లిదండ్రులు ఆ మేడలలో కలరు. పల్లెలో మట్టినేల వెదురుకర్ర కొనను పట్టి ఉంచును. ఇచ్చటి నున్నని పలకలు, అందులో తడిసిన స్నానాలగది, పట్టి ఉంచవు. కర్ర కొనకు రబ్బరు తొడుగు తప్పనిసరి. దాని గాళ్లు అరిగిపోగానే మార్చవలెను. వెల తక్కువైనను, తుంటి ఎముక విరుగుటకును విరుగకుండుటకును మధ్య ఒక్కొక్కసారి ఉండునది ఆ ముక్కయే. లిఫ్టు ఆగినపుడు మెట్లు ఎక్కవలసి వచ్చినచో మంచికాలు ముందు, నొప్పికాలును కర్రయు వెనుక; దిగునపుడు కర్రయు నొప్పికాలును ముందు, మంచికాలు తరువాత.